టైగా అడవిని మన పిల్లలకు దగ్గర చేద్దాం



మీ పిల్లల సోషల్ పుస్తకంలో 'టైగా' అనే పాఠం ఉంటుంది. దీన్నే బోరియల్ అడవి అని కూడా అంటారు. అలాస్కా, కెనడా నుంచి స్వీడన్, ఫిన్లాండ్, రష్యా వరకూ భూమి ఉత్తర భాగాన్ని పచ్చని పట్టీలా చుట్టి ఉన్న అడవి ఇది. పరీక్షకు నాలుగు పాయింట్లు చాలు. కానీ దాన్ని అర్థం చేసుకోవాలంటే ఇంకొంచెం దగ్గరగా చూడాలి.

అక్కడి స్ప్రూస్, ఫర్ చెట్లు గోపురంలా పైకి సన్నబడుతూ ఉంటాయి. అందుకే మంచు కొమ్మలపై పేరుకోకుండా జారిపోతుంది. సూదుల్లాంటి ఆకులపై ఉండే మైనపు పొర నీటిని కాపాడుతుంది. చలి వల్ల రాలిన ఆకులు త్వరగా కుళ్లవు. అలా వేల ఏళ్లుగా ఎంతో కార్బన్ ఆ నేలలో నిల్వ ఉంది.

మంటలు ఈ అడవికి కొత్త కాదు. జాక్ పైన్ కాయలు మంట వేడికి విచ్చుకొని విత్తనాలు రాలుస్తాయి. కానీ మంటలు హద్దు దాటితే నేలలోని కార్బన్ కూడా గాలిలో కలుస్తుంది. 2023లో కెనడాలో సుమారు 1.5 కోట్ల హెక్టార్లు కాలిపోయాయి. అంటే దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత! ఆ జూన్‌లో పొగ న్యూయార్క్ దాకా వచ్చి ఆకాశం నారింజ రంగుకు మారింది. న్యూజెర్సీ వైపు ఉన్న మీ బంధువులను అడగండి, చెబుతారు.

ఫిన్లాండ్‌లో దాదాపు నాలుగింట మూడొంతుల నేల అడవే. అక్కడ అడవి ఎవరిదైనా సరే, నష్టం చేయకుండా నడవడానికి, అడవి పండ్లు, పుట్టగొడుగులు కోసుకోవడానికి అందరికీ హక్కు ఉంది. పిల్లలు పెద్దవాళ్లతో వెళ్లి బ్లూబెర్రీలు కోసుకుంటారు. చేత్తో తాకిన అడవిని కాపాడుకోవాలని వాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

మనం అంత దూరం వెళ్లలేకపోయినా, ఇంటి దగ్గర ఇవి చేయవచ్చు:

• గ్లోబ్‌పై గానీ గూగుల్ ఎర్త్‌లో గానీ టైగా పట్టీని పిల్లలతో వేలితో గుర్తింపజేయండి.

• చలికాలంలో కొల్లేరు గానీ పులికాట్ గానీ చూపించండి. అక్కడికి వచ్చే సూదితోక బాతులు సైబీరియా వంటి ఉత్తర ప్రాంతాల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి.

• మీ వీధిలో ఒక చెట్టును ఎంచుకోమనండి. దాని ఆకులు, పూత, పక్షుల గురించి నెలకోసారి నోట్‌బుక్‌లో రాయించండి.

ఆ నోట్‌బుక్‌ను క్లాసుకు పంపండి. టైగా పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాం.