ఏటి నుండి కుళాయి వరకు

గుంటూరు అను పేరులోనే గుంట యున్నది. చెరువులు, కుంటలు ఎక్కువగా నుండుటచే ఊరికి ఆ పేరు వచ్చినదని కొందరి అభిప్రాయము. నాడు బిందె చంకనిడుకొని చెరువునకు పోయిన ఇల్లాలికి తాను ముంచుకొను నీరు ఎట్టిదో కంటికి కనబడెడిది. నేడు నగరమునకు నీరు కృష్ణానది నుండి వచ్చుచున్నది. ఇల్లు చేరుటకు ముందు ఆ నీరు భూమిలో పాతిన గొట్టములలో చాల దూరము ప్రయాణము చేయును. ఆ దారి మనకు కనబడదు. ఆ దారిలో నీటికి ఏమి జరుగును? ఈ సంగతి ప్రతి విద్యార్థియు తెలిసికొనదగినది.

తేటనీరెల్ల మంచినీరు కాదు

తేటగా నున్న నీరు మంచిదని సామాన్యముగా అనుకొందుము. అది పొరపాటు. పండ్లపై గారలు, బిగిసిన కీళ్లు, వంగిన వెన్ను గల జనులను అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు పరీక్షించి, 1937 లో ఆ వివరములను ప్రకటించిరి. త్రాగునీటిలో కరగియున్న ఫ్లోరైడే ఆ వ్యాధికి కారణము. నాడు నెల్లూరు జిల్లాలో నుండి, 1970 లో ఒంగోలు జిల్లాలో చేరిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో ఈ బాధ బాగుగ ఎరిగినదే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. అంతకు మించి యున్నను నీరు తేటగానే కనబడును. కాచినను అది పోదు. కొంత నీరు ఆవిరియగుటచే దాని పాలు పెరుగును.

వ్యాధిక్రిములు కాచినచో చచ్చును. కాని అవియును కంటికి కనబడవు. 2018 మార్చిలో గుంటూరు పాతపట్టణమున, ఆనందపేట మొదలగు పేటలలో, అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. మంచినీటి గొట్టములలో మురుగు కలియుటయే ఇందుకు మూలమని చెప్పబడినది. శుద్ధి చేసి పంపిన నీటిలోనికి మురుగు ఎట్లు ప్రవేశించును?

శుద్ధి చేయు విధము

తక్కెళ్ళపాడు, సంగం జాగర్లమూడి వద్ద నగరపు నీటి శుద్ధి కేంద్రములు గలవు. ఏటినీటికి ముందుగా పటిక కలుపుదురు. మన యిండ్లలో బురదనీటిని తేర్చుటకు పటికముక్క త్రిప్పుట యెరుగుదుము గదా! ఇదియు అట్టిదే. నీటిలో తేలియాడు సన్నని మట్టిరేణువులు ఒకదానితో నొకటి అతుకుకొని, బరువెక్కి, అడుగునకు దిగును. పిమ్మట నీటిని ఇసుకపొరల గుండా వడగట్టుదురు. తుదకు క్లోరిను కలిపి మిగిలిన క్రిములను చంపుదురు. ఇంతటితో కేంద్రము పని ముగియును. గొట్టము పని మొదలగును.

గొట్టములో జరుగునది

గొట్టములో నీరు ఒత్తిడితో ప్రవహించునంత సేపు చిల్లి యున్నను నీరు బయటికి కారును గాని, బయటి మురుగు లోనికి రాదు. నీటిని ఆపివేసిన తరువాత స్థితి మారును. పల్లమునందలి కుళాయిల గుండా నీరు జారిపోవుటచే మెరకనున్న గొట్టములో ఒత్తిడి బయటి ఒత్తిడికంటె తగ్గును. అప్పుడు అదే చిల్లి గుండా చుట్టునున్న మురుగు లోనికి పీల్చబడును. కుళాయికి మోటారు బిగించి నీరు లాగినను ఇదే ప్రమాదము. మురుగుకాలువ ప్రక్కనే మంచినీటి గొట్టము పోవుచున్నచో చెప్పనక్కరలేదు.

మన నేల స్వభావమును గూడ గమనింపవలెను. పత్తికి, మిరపకు పేరుపొందిన నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైటు అను ఖనిజముతో కూడిన బంకమన్ను అధికము. అది వానకు ఉబ్బును. వేసవిలో ముడుచుకొని బీటలు వారును. ఏటేట జరుగు ఈ కదలికచే నేలలోని గొట్టముల అతుకులు సడలును. పంటనిచ్చు గుణమున్న నేలయే గొట్టమునకు గండమగుచున్నది!

ఈ సంగతిని ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. మెత్తని ప్లాస్టిక్ గొట్టమునకు మధ్యలో సూదితో చిల్లి పొడువుడు. ఆ భాగమును సిరానీళ్లు గల పళ్లెములో ముంచి, పై కొనను ఎత్తున నున్న బకెట్టులోని నీటిలోను, క్రింది కొనను పళ్లెముకంటె బాగుగ పల్లమునను ఉంచుడు. క్రింది కొనను సగము నొక్కి నీరు వదలినచో తేటనీరే వచ్చును. తరువాత బకెట్టు వైపు గొట్టమును గట్టిగా నొక్కి, క్రింది కొనను వదలుడు. నీరు దిగజారుచు సిరాను లోనికి లాగును. పళ్లెము నేల, సిరా మురుగు.

కాపలా కాయు క్లోరిను

అందుచేతనే కేంద్రములో కలుపు క్లోరిను అక్కడి క్రిములకు సరిపడినంత మాత్రమే యుండరాదు. కొంత మిగిలి, దారిపొడవునను కాపలా కాయవలెను. కుళాయి వద్ద లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిను ఉండవలెనని మన దేశపు ప్రమాణము. అనగా కోటి పాళ్ల నీటిలో రెండు పాళ్లు మాత్రమే. నీటిలో డి.పి.డి. అను రసాయనమును కలిపినచో క్లోరిను ఉన్నంత మేరకు గులాబిరంగు వచ్చును. మురుగు చేరినచో అందలి మలిన పదార్థములు క్లోరినును హరించును. కావున ఒక వీధిలో రోజూ వచ్చు రంగు ఒకనాడు రాకపోయెనేని అది హెచ్చరిక. ఆ నీటిని కాచి త్రాగవలెను. నీరు సలసల తెర్లిన పిదప కనీసము ఒక నిమిషము పొయ్యిమీద ఉంచవలెను.

ఫిర్యాదు కూడ పరిశీలనయే

1854 లో లండనులో కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి యిండ్లను పటముపై గుర్తించెను. ఆ గుర్తులు ఒక చేతిపంపు చుట్టును గుమిగూడెను. దోషము ఆ నీటిలోనిదని ఆయన చూపెను. మనము చేయు ఫిర్యాదునకును అట్టి విలువ యుండగలదు. “నీరు బాగుండలేదు” అన్నచో సిబ్బందికి ఏమియు తెలియదు. ఏ వీధి, ఏ యిల్లు, ఏ తేది, కుళాయి వదలిన ఎంతసేపటికి వాసన వచ్చినది, ఇరుగుపొరుగు ఇండ్లలో ఎట్లున్నది అని వ్రాసి యిచ్చినచో చిల్లి యే యింటికిని ఏ యింటికిని నడుమ నున్నదో కనుగొనుట తేలికయగును. అట్టి ఫిర్యాదు అందుకొన్న నగరపాలక సంస్థ వెంటనే ఆ వీధి కుళాయివద్ద పరీక్ష చేయింపవలెను. కేంద్రములోని పరీక్ష బాగున్నదని చెప్పుట చాలదు.

ఏటియొద్ద నీరు ఎంత శుద్ధియైనను త్రాగువాడు ఏటియొద్ద లేడు. నీటి మంచిచెడ్డలు తేలవలసిన చోటు ఆఖరి యింటి కుళాయియే.