కీబోర్డు మాట ఎవరు వింటారు?

కంప్యూటరు ఒకటి, దానికి తెరలు రెండు, కీబోర్డు మాత్రం ఒక్కటే. ఆఫీసుల్లో, స్టూడియోల్లో ఈ ఏర్పాటు మామూలే. మీ తరగతిలో కంప్యూటరుకు ప్రొజెక్టరు తగిలించినప్పుడు కూడా ఇలాగే పెట్టుకోవచ్చు. బల్లమీది తెర ఒకటి, గోడమీది తెర రెండోది. ఇప్పుడు మాస్టారు ఒక మీట నొక్కారనుకోండి. ఆ కబురు ఏ తెరకు వెళుతుంది?

"ఆయన చూస్తున్న తెరకు" అంటారేమో! కాదు. ఆయన చూపు ఎటుందో కంప్యూటరుకు తెలియదు. కీబోర్డుకైతే అసలు తెరలున్నాయనే తెలియదు. దానికి తెలిసిందల్లా సంఖ్యలు పంపడమే.

యు.ఎస్.బి. కీబోర్డులో ప్రతి మీటకూ ఒక సంఖ్య ఉంటుంది. 'ఎ' మీటకు 4, 'బి' మీటకు 5, ఈ వరుసలో 'ఎల్' మీటకు 15. మీరు 'ఎల్' నొక్కితే కీబోర్డు "15వ మీట నొక్కారు" అని మాత్రమే చెబుతుంది. అది ఏ అక్షరమో తేల్చుకోవలసింది కంప్యూటరు. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఎంచుకుని అదే మీట నొక్కండి, 'త' పడుతుంది. మీట మారలేదు, సంఖ్యా మారలేదు, అర్థం మాత్రం మారింది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలను పట్టి ఉంచినంతసేపూ "ఇవి కూడా నొక్కి ఉన్నాయి" అన్న కబురు తోడుగా పోతుంది. రెండు మూడు మీటలు కలిపి నొక్కి పని జరిపించుకునే షార్ట్‌కట్లకు ఆధారం ఇదే.

ఇక ఈ కబురును ఎవరు అందుకుంటారో చూద్దాం. అందరికీ తెలిసిన విండోస్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

కొన్ని జట్లను విండోస్ తనకే ఉంచుకుంటుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అలాంటి జట్టు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టడానికి దీన్ని కల్పించాడు. పొరపాటున చెయ్యి తగిలి యంత్రం ఆగిపోకూడదు కదా, అందుకే దూరదూరంగా ఉన్న మీటలు! 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. ఇదే జట్టును లోపలికి ప్రవేశించడానికి వాడుకుంది. మామూలు ప్రోగ్రామేదీ దీన్ని దారిలో అందుకోలేదు. కాబట్టి దొంగ ప్రోగ్రాము ప్రవేశపు తెరలాంటిది చూపించి మీ పాస్‌వర్డు కాజేయబోయినా, ఈ జట్టు నొక్కగానే అసలు తెరే వస్తుంది.

మిగిలిన జట్ల దగ్గరే గొడవ. పైకి కనిపించకుండా వెనక పనిచేసే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. తెరను ఫొటో తీసేవి, బొమ్మను అటూ ఇటూ తిప్పేవి, ఇలాంటివి. "ఫలానా జట్టు ఏ విండోలో నొక్కినా సరే, నాకే చెప్పు" అని ఇవి విండోస్ దగ్గర ముందుగా నమోదు చేయించుకుంటాయి. మరి ఒకే జట్టును ఇద్దరు అడిగితే? బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం చూశారు కదా, అదే న్యాయం! ముందు వేసినవాడిదే సీటు. తర్వాత వచ్చిన ప్రోగ్రాముకు విండోస్ "కుదరదు" అంటుంది. ఆ సంగతి మనకు చెప్పే ప్రోగ్రాములు నయం. చెప్పకుండా ఊరుకునేవే తంటా. సెట్టింగులలో షార్ట్‌కట్ దర్జాగా కనిపిస్తుంది, నొక్కితే మాత్రం ఏమీ జరగదు. పైగా కంప్యూటరు వేసినప్పుడు ఏది ముందు లేస్తే దానిదే సీటు కనుక, నిన్న పనిచేసిన షార్ట్‌కట్ ఇవాళ మొరాయించవచ్చు.

పేరుమోసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ఎన్నో కంప్యూటర్లలో చాలా ఏళ్ళపాటు కంట్రోల్, ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కితే తెరమీది బొమ్మ తలకిందులయ్యేది. పై బాణంతో నొక్కితే మళ్ళీ నిలబడేది. ఇది కొంటెపని కాదు. మానిటరును నిలువుగా పెట్టినా, ప్రొజెక్టరును తిరగేసి బిగించినా బొమ్మను తిప్పుకోవాలి కదా. కాని 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరులో అదే జట్టుకు "కింది వరుసలో ఇంకో కర్సరు పెట్టు" అని అర్థం. పాపం, కర్సరు కావాలని నొక్కినవారికి తెర తలకిందులు!

ఎవరూ పట్టుకోని కబురు చివరకు ఒకే ఒక్క విండోకు చేరుతుంది. మీరు చివరిసారి మౌసుతో నొక్కిన విండోకు, లేదా ఆల్ట్, టాబ్ మీటలతో ముందుకు తెచ్చుకున్న విండోకు. అది ఏ తెరమీదున్నా ఒకటే. మాస్టారు గోడమీది విండోలో పాఠం చూపించి, తన బల్లవైపు తిరిగి పాస్‌వర్డు టైపు చేశారనుకోండి. ముందుగా బల్లమీది విండోను నొక్కకపోతే, ఆ పాస్‌వర్డు తరగతి మొత్తం చూస్తుండగా గోడమీద పడవచ్చు. చుక్కలుగా కాదు, అక్షరాలుగానే!

కుడి ఎడమల చిక్కు మరొకటి. మానిటర్లను బల్లమీద ఏది ఎటు పెట్టారో కంప్యూటరు చూడలేదు. మీరు సెట్టింగులలో చెప్పిందే దానికి వేదం. ముఖ్యమైన తెరకు పై ఎడమ మూల సున్నా. 1920 చుక్కల వెడల్పున్న రెండో తెర దానికి ఎడమన ఉందని చెబితే, ఆ తెర చుక్కల లెక్క −1920 నుంచి −1 వరకు నడుస్తుంది. మీరు లెక్కల్లో నేర్చుకున్న సంఖ్యారేఖే ఇది. తెరను నిజంగా కుడివైపు పెట్టి, సెట్టింగులలో ఎడమ అని ఉంచితే? మౌసు బాణం కుడి అంచున గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఎడమకు తోస్తే కుడివైపున ఉన్న తెరలో తేలుతుంది.

మాస్టారి అనుమతితో ఇది చేసి చూడండి. ప్రొజెక్టరు తగిలించి, విండోస్ మీటను, 'పి' మీటను కలిపి నొక్కండి. వచ్చిన పట్టీలో 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. రెండు తెరలమీదా చెరొక నోట్‌పాడ్ తెరవండి. గోడమీది దాన్ని మౌసుతో ఒకసారి నొక్కి, బల్లమీది తెరనే చూస్తూ మీ పేరు టైపు చేయండి. తర్వాత విండోస్, షిఫ్ట్ మీటలను పట్టి ఉంచి కుడి బాణం నొక్కండి. నోట్‌పాడ్ ఒక తెరనుంచి రెండో తెరకు దూకుతుంది. ఇప్పుడు మౌసును ముట్టుకోకుండా మీ ఊరి పేరు టైపు చేయండి. అక్షరాలు ఏ తెరమీద పడ్డాయి? ఎందుకు?