స్లైడ్ అవుట్ కదలట్లేదా? రెంచీ తీసే ముందు చెవి పెట్టండి

ఇవాళ మోటార్‌హోమ్‌లో వచ్చే ఒక తలనొప్పి గురించి మాట్లాడుకుందాం. మొన్న అక్టోబర్‌లో మాకు జరిగిందే చెప్తాను.

ఇక్కడ అమెరికాలో మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. బండి ఆపి బటన్ నొక్కితే ఒక పక్క గోడ సోఫాతో సహా బయటికి జరుగుతుంది, లోపల చోటు పెరుగుతుంది. దాన్నే స్లైడ్ అవుట్ అంటారు. మా బండిలో దాన్ని జరిపేది హైడ్రాలిక్ పంపు. మోటార్ తిరిగితే ఆయిల్ ఒత్తిడితో సిలిండర్‌లోకి వెళ్లి రాడ్డును కదుపుతుంది. మనూళ్లో ట్రాక్టర్ ట్రక్కు పైకి లేచేదీ ఆయిల్ ఒత్తిడితోనే.

గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో గ్రాండ్ కేన్యన్ వెళ్లాం. సౌత్ రిమ్ దగ్గర మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ బండికి కరెంట్ కనెక్షన్ ఉండదు. సుమారు 7,000 అడుగుల ఎత్తు, గట్టి చలి. రాత్రంతా హీటర్ వేశాం. హీటర్ గ్యాస్‌దే, కానీ దాని ఫ్యాన్ తిరిగేది బ్యాటరీ మీద.

పొద్దున్నే బటన్ నొక్కితే 'టక్' అంది, అంతే. గది కదల్లేదు. స్లైడ్ బయట ఉండగా బండి నడపకూడదు. సాయంత్రం ఫీనిక్స్‌లో అమ్మావాళ్ల ఫ్లైట్!

పంపు పోయిందనుకుని రెంచీ తీశా. నాన్న ఆపారు. "ఆగరా, ట్రాక్టర్ సెల్ఫ్ అందుకోనప్పుడు కూడా ఇదే చప్పుడు. ముందు బ్యాటరీ చూడు" అన్నారు.

మల్టీమీటర్ పెట్టా. నిండా ఛార్జ్ ఉంటే 12.6 వోల్టులు చూపించాలి. 11.9 ఉంది. బటన్ నొక్కగానే 9కి పడిపోయింది. పంపు బాగానే ఉంది, దానికి తిండే అందట్లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు ఛార్జ్ ఎక్కనిచ్చాక, రెండు బ్యాటరీలనీ కలిపే బూస్ట్ స్విచ్ పట్టుకుని నొక్కా. గది మెల్లగా లోపలికొచ్చింది.

అందుకే చెప్తున్నా, ముందు చప్పుడు వినండి.

1. అసలు చప్పుడే లేదు: ఫ్యూజు, బ్రేకర్ చూడండి. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేక్ వేయకపోతే స్లైడ్ పనిచేయదు. అదీ చూడండి.

2. 'టక్' మని ఆగిపోతుంది: బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్ లూజు, ఎర్త్ వైరుకు తుప్పు. ఇవన్నీ బాగుంటే అప్పుడు మోటార్‌ని అనుమానించండి.

3. మోటార్ తిరుగుతోంది, గది కదల్లేదు: ఆయిల్ తగ్గి ఉండొచ్చు, వాల్వ్ తెరుచుకోకపోవచ్చు, లేదా గదికి ఏదో అడ్డం పడి ఉండొచ్చు.

4. గది కుదుపులతో కదులుతోంది: ఆయిల్ తక్కువ, లేదా లైన్‌లో గాలి.

ఆయిల్ లెవెల్ స్లైడ్లు, జాకీలు అన్నీ లోపలికి తీసుకున్నాకే చూడాలి. బయట ఉన్నప్పుడు నింపితే, అవి లోపలికి వచ్చేటప్పుడు సిలిండర్లలోని ఆయిల్ ట్యాంకులోకి తిరిగొచ్చి పొర్లిపోతుంది. ఏ ఆయిల్ పోయాలో మాన్యువల్‌లో చూసి పోయండి, చేతికి దొరికింది పోయకండి.

ఇంకో మాట, ఇది సీరియస్. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కూడా చర్మంలోకి దూసుకుపోగలదు. నొప్పి తక్కువే అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. గది కదిలేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మీ ఫోన్‌తో రెండు పనులు చేయండి. బయల్దేరే ముందే మాన్యువల్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోండి. కొండల్లో సిగ్నల్ ఉండదు, చేత్తో గదిని లోపలికి తోసే పద్ధతి ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. రెండోది, ఆ చప్పుడు రికార్డ్ చేసి మెకానిక్‌కి వినిపించండి. ఊరికే పంపు మార్పించుకునే ఖర్చు తప్పొచ్చు.

అన్నట్టు, ఫ్లైట్ అందింది. సెక్యూరిటీ లైన్లో నిలబడి కూడా నాన్న ఒకటే మాట: "ఆ టెర్మినల్స్ శుభ్రం చేయరా." చేశాను. సరే ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.