రాక్షసి బల్లి గూటిలో పాము

కోళ్ళగూటిలో దూరి గుడ్లను, పిల్లలను మ్రింగు పామును గురించి పల్లెవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. పాములకు ఈ అలవాటు నిన్న మొన్న అబ్బినది కాదు. సుమారు 6 కోట్ల 70 లక్షల సంవత్సరములకు పూర్వము, నేటి గుజరాతు ప్రాంతములో, ఒక పాము రాక్షసి బల్లి గూటిలో ప్రవేశించినది. అప్పుడే గుడ్డు వెలువడిన పిల్ల అక్కడ ఉన్నది. ఇంతలో ఇసుక, మట్టి వచ్చి పామును, పిల్లను, గుడ్లను ఒక్కసారిగా కప్పివేసినవి. ఆ దృశ్యము రాతిలో నిలిచిపోయి నేటికిని మనకు కనబడుచున్నది.

ఈ శిలాజము 1984లో గుజరాతులోని ఢోలీ డూంగరీ గ్రామము వద్ద లభించినది. దానిని కనుగొన్నవారు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ధనంజయ మొహబే. అక్కడి శిలలను లామేటా శిలలందురు. మధ్య, పశ్చిమ భారతములలో దక్కను లావాల అడుగున ఈ పొరలు కానవచ్చును. పశ్చిమ తెలంగాణములో మనము చూచు నల్లరాతి నేలలు కూడ ఆ లావా ప్రవాహముల భాగములే. లామేటా పొరలలో రాక్షసి బల్లుల గుడ్లు విరివిగా దొరకుచుండుటచే, గుడ్ల ప్రక్కనున్న చిన్న ఎముకలన్నియు పిల్లవేనని తొలుత తలచినారు. 1987లో అట్లే ప్రకటించినారు.

2001లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ విల్సన్ ఆ రాతిని పరిశీలించినారు. ఆ ఎముకలలో కొన్ని పాము వెన్నుపూసలని ఆయన గుర్తించినారు. ఇది ఎట్లు సాధ్యమైనది? పాము వెన్నుపూసల అమరికలో ఒక విశేషమున్నది. ప్రతి పూసకు ముందువైపున మేకువలె ఒక పొడుపు ఉండును. అది తన ముందున్న పూస వెనుకవైపు గుంటలో సరిగా ఇమిడిపోవును. వడ్రంగి ఒక కొయ్య చివరను సన్నగా చెక్కి, రెండవ కొయ్య బెజ్జములో దిగగొట్టి బిగించునట్టిదే ఈ ఏర్పాటు. ఇందువలన పాము వెన్ను ప్రక్కలకు ఎంత వంగినను మెలిపడి విడిపోదు. రాక్షసి బల్లి పిల్ల వెన్నులో ఇట్టి కూర్పు ఉండదు.

పిమ్మట రాతిని జాగ్రత్తగా తొలిచి శుభ్రము చేయగా, మొత్తము దృశ్యము బయల్పడినది. గూటిలో మూడు గుడ్లున్నవి. వానిలో ఒకటి చితికి యున్నది. పాము దాని చుట్టును చుట్ట చుట్టుకొని, తల చుట్టపై ఆనించి యున్నది. ప్రక్కనే పిల్ల ఎముకలున్నవి. పాము నిడివి సుమారు మూడున్నర మీటర్లు. పిల్ల నిడివి సుమారు అర మీటరు. ఆ పిల్ల పొడవైన మెడ, తోక గల శాకాహారుల జాతికి చెందినది. పెరిగిన పిమ్మట ఆ జంతువు ఏనుగును మించి యుండెడిది. పుట్టిన తొలి దినములలో మాత్రము అది పాము నోటికి అందునంత చిన్నది.

2010లో పరిశోధకులు ఈ పామునకు 'సనజే ఇండికస్' అని పేరిడినారు. సంస్కృత మూలముల నుండి కూర్చిన 'సనజే' అను పేరునకు 'ప్రాచీనమైన నోరు తెరపు' అని వారి భావము. ఈ పేరు పెట్టుటకు కారణమున్నది. నేటి కొండచిలువ క్రింది దవడ రెండు భాగములు ముందువైపున సాగెడి కండరబంధముతో కలిసియుండును. దవడను తలతో కలుపు ఎముకలును కదలుచుండును. కావుననే అది తన తలకంటె పెద్దదైన జంతువును మ్రింగగలదు. సనజే పుర్రెలో ఇంతటి వెసులుబాటు లేదు. గట్టి పెంకుగల ఆ పెద్ద గుడ్డును అది మ్రింగజాలదు. గుడ్డు నుండి వెలువడిన పిల్లలే దానికి తగిన ఆహారమని పరిశోధకుల అభిప్రాయము.

వరద వచ్చి ఎక్కడివో ఎముకలను ఒకచోట చేర్చియుండవచ్చునను సందేహము కలుగవచ్చును. కాని నీటిలో కొట్టుకొని వచ్చిన ఎముకలు చెల్లాచెదరై పోవును. ఇక్కడ పాము వెన్ను వరుస తప్పక చుట్టగా నిలిచినది. తక్కిన రెండు గుడ్లు చెక్కుచెదరలేదు. పైగా అదే స్థలములో మరికొన్ని చోట్లను గుడ్ల దగ్గర ఈ పాము ఎముకలు దొరకినవి. కనుక ఇది కాకతాళీయము కాదు; గూళ్ళను వెదకుట దాని అలవాటే.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రితము పక్షులు దక్క రాక్షసి బల్లులన్నియు నశించినవి. సనజేకు దగ్గరి బంధువులైన మాడ్ట్సోయిడే కుటుంబపు పాములు మాత్రము మిగిలినవి. కచ్ఛ్ ప్రాంతములోని పానంధ్రో లిగ్నైటు గనిలో 2005లో దొరకిన 27 వెన్నుపూసలు ఇందుకు సాక్ష్యము. రూర్కీ ఐ.ఐ.టి.కి చెందిన దేవజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ వానిని పరిశీలించి, 2024లో ఆ పామునకు 'వాసుకి ఇండికస్' అని నామకరణము చేసినారు. అది సుమారు 4 కోట్ల 70 లక్షల సంవత్సరముల నాటిది. దాని నిడివి 11 నుండి 15 మీటర్ల వరకు ఉండవచ్చునని అంచనా.

ఢోలీ డూంగరీ శిలాజములో పాము ఉన్నదని తెలియుటకు 17 సంవత్సరములు పట్టినది. అంతకాలమును గుడ్లు, ఎముకలు ఒకే రాతిలో కలసియుండుటచేతనే పిదప సత్యము తేలినది. గుడ్లను మాత్రము ఏరుకొని ఎముకలను వేరు చేసియున్నచో, పాము ఎముకలు దొరకెడివే గాని అది గూటిలో ఏమి చేయుచుండెనో తెలిసెడిది కాదు. పొలములోగాని, గనిలోగాని వింత రాయి కనబడినప్పుడు దానిని పెకలింపక, ఉన్నచోటనే ఉంచి, తెలిసినవారికి కబురంపవలెననుట ఇందుకే.