బజారులో మన తట్టకూ బ్యాంకు అప్పు

జంగారెడ్డిగూడెం పెద్ద బజారున్న ఊరు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు పల్లెల నుంచి కూడా జనం ఇక్కడికి వస్తారు. బజారంటే అద్దాల షాపులే కాదు. కూరగాయల తట్ట, పూల బుట్ట, టిఫిన్ బండి కూడా బజారే. ఇవి నిలబడితేనే బజారు నిండుగా ఉంటుంది.

తట్ట పెట్టాలంటే పెట్టుబడి కావాలి. చేతిలో డబ్బు లేకపోతే అప్పు చెయ్యాలి. ఎక్కడ చెయ్యాలి?

ముందు రోజువారీ ఫైనాన్సు లెక్క చూద్దాం. పేరుకు 10,000 రూపాయల అప్పు. చేతికిచ్చేది 9,000. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. అంటే మూడు నెలల పది రోజులకే వడ్డీ 1,000 రూపాయలు. వాన పడి బేరం లేకపోయినా కట్టాల్సిందే.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. బజార్లు మూతపడ్డాయి. చాలామంది వీధి వ్యాపారులు పెట్టుబడి డబ్బు తిండికి వాడుకున్నారు. వాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో పి.ఎం. స్వనిధి పథకం పెట్టింది. మొదటి అప్పు అప్పట్లో 10,000. 2025 ఆగస్టులో దాన్ని 15,000 చేశారు. పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు.

ఈ అప్పుకు ఇల్లు, బంగారం తాకట్టు పెట్టక్కర్లేదు. నెలనెలా కంతు కట్టాలి. మొదటి అప్పు తీర్చితే రెండోసారి 25,000, మూడోసారి 50,000 వరకు అడగవచ్చు.

ఏడాదికి నూటికి 12 రూపాయల వడ్డీ అనుకుందాం. 15,000 తీసుకుంటే నెలకు సుమారు 1,333 చొప్పున 12 నెలలు కట్టాలి. ఏడాదికి వడ్డీ సుమారు 1,000 రూపాయలు. గడువు తప్పకుండా కడితే నూటికి 7 చొప్పున వడ్డీ రాయితీ మన ఖాతాలో పడుతుంది. అంటే వడ్డీలో సగానికి పైగా తిరిగి వస్తుంది.

"మాది పల్లెటూరు కదమ్మా, మాకిస్తారా?" అని కొందరు అడుగుతారు. పల్లె నుంచి వచ్చి పట్నంలో అమ్ముకునే వాళ్లకు కూడా ఇస్తారు. మున్సిపల్ ఆఫీసు ఇచ్చే వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు లేకపోతే అక్కడే సిఫారసు ఉత్తరం అడగాలి. ఆధార్, దానికి కలిపిన ఫోను నంబరు, బ్యాంకు పుస్తకం తీసుకువెళ్లాలి. మెప్మా వాళ్లు దరఖాస్తుకు సాయం చేస్తారు. దళారీకి డబ్బు ఇవ్వకండి.

కార్డు అడగడం మన హక్కు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ వ్యాపార కమిటీలో వ్యాపారుల తరఫు సభ్యుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. బజారులో ఎవరు ఎక్కడ అమ్ముకోవాలన్న మాటలో మనకూ పాలు ఉంది.

అయితే అప్పు అప్పే. సరుకు కోసం తెచ్చిన డబ్బు పెళ్లికో పండక్కో ఖర్చు పెడితే కంతు ఆగుతుంది. కంతు ఆగితే రాయితీ పోతుంది, రెండో అప్పు అందదు.

చదవడం నేర్చుకున్నాం. ఆ చదువు ఇక్కడ పనికొస్తుంది. సంతకం పెట్టే ముందు కాగితంలో మూడు సంగతులు చూడండి. అప్పు ఎంత? వడ్డీ ఎంత? కంతు ఏ తేదీన కట్టాలి?

ఆలోచించండి: మీ వాడలో ఎవరెవరు బజారులో అమ్ముతున్నారు? వాళ్లలో ఎంతమందికి గుర్తింపు కార్డు ఉంది?