బుర్రకథని రికార్డు చెయ్యాలంటే

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, చేతిలో అందెలు. అటూ ఇటూ వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు మెల్లగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి గొంతెత్తుతాడు, వంతలు తందాన అందుకుంటారు, గుమ్మెటలు మోగుతాయి. మెల్లని మాటకీ ఆ మోతకీ మధ్య తేడాలోనే కథకి ఊపు ఉంది. రికార్డింగ్‌లో మొదట పోయేది కూడా ఆ తేడానే.

ఫోన్‌తో తీస్తే ఎందుకు పోతుందంటే, ఫోన్ ముఖ్యంగా మాటలు వినపడటం కోసం తయారైంది. శబ్దం తగ్గితే తనే పెంచుతుంది, పెరిగితే తనే తగ్గిస్తుంది. గుసగుసా కేకా ఒకే ఎత్తులో వినిపిస్తాయి. ఆగకుండా వచ్చే శబ్దాన్ని ఫ్యాన్ చప్పుడుగా లెక్కేసి తగ్గించే ఫోన్లూ ఉన్నాయి. తంబుర మీద కూడా ఆ కత్తెర పడొచ్చు.

అందుకే జేబులో పట్టే డిజిటల్ రికార్డర్ మేలు. జూమ్ హెచ్1ఎన్ లాంటి వాటికి పైన రెండు చిన్న మైకులు 90 డిగ్రీల్లో అడ్డంగా ఉంటాయి. కుడి వంత కుడివైపు, ఎడమ వంత ఎడమవైపు వినిపిస్తారు. కొనలేకపోతే ఫ్రెండ్ దగ్గర ఒక రాత్రికి అడగండి. చేతికి రాగానే ఆటో లెవెల్ ఆపెయ్యండి.

ఇక లెవెల్ ఎంత పెట్టాలి? మీటర్‌లో పై అంచు 0 డెసిబెల్స్. 16 బిట్ ఇంటీజర్‌లో 32,767 తర్వాత ఏముంటుంది? ఏమీ ఉండదు. శబ్దం అంతకు మించితే తరంగం తల తెగి చదునుగా మిగులుతుంది. తెగిన ముక్క ఫైల్‌లో లేదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నదున్నట్టు తేలేదు, ఊహించి అతికిస్తుందంతే. అదే తక్కువ లెవెల్‌లో తీసింది తర్వాత పెంచుకోవచ్చు. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్. 24 బిట్‌లో పెట్టి, పెద్ద శబ్దాలు మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకుంటే మనం వదులుకునేది రెండు బిట్లు. ఇంకా 22 ఉన్నాయి, అవి ఎక్కువే. కథ మొదలయ్యే ముందు గుమ్మెటలు గట్టిగా వాయించమని అడిగి లెవెల్ పెట్టండి. జనం ముందుకొచ్చాక వాళ్లు ఇంకా గట్టిగానే వాయిస్తారు, ఆ ఖాళీ అందుకే.

లెవెల్ తర్వాత చోటు. ఆరుబయట దూరం రెట్టింపైతే దళం శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పక్కన పిల్లల గోల మాత్రం తగ్గదు. కాబట్టి వీలైతే రెండు మీటర్ల దూరంలో, కథకుడికి ఎదురుగా, స్టాండు మీద పెట్టండి. స్టేజి చెక్కల మీద పెడితే అడుగుల దడదడే వినిపిస్తుంది. మైక్‌సెట్టు బాక్సుకి ఎదురుగా పెడితే మనం తీసేది దళాన్ని కాదు, బాక్సుని. గాలికి మైకు మీద బొచ్చు తొడుగు వెయ్యండి, హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి వినండి.

ఫైల్ వేవ్‌లోనే ఉంచండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అంటే సెకనుకి 2,88,000 బైట్లు, గంటకి ఒక జీబీ కంటే కొంచెం ఎక్కువ. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది, పాటని దానికి తగ్గట్టు కుదించేవాళ్లు. మన 32 జీబీ కార్డులో రాత్రంతా పడుతుంది. కాబట్టి మధ్యలో ఆపకండి. పాటకీ పాటకీ మధ్య ఊరి మీద వేసే జోకు కూడా కథే.

మా ఊళ్లో కథ చెప్పే తాతకి డెబ్బై దాటాయి. ఆయన కథలు పుస్తకంలో లేవు, నేర్చుకున్నవాళ్లూ లేరు. ఇలాంటివాళ్లు ప్రతి జిల్లాలో ఉంటారు. ముందు వాళ్ల అనుమతి అడగండి, ఎక్కడ పెడతారో చెప్పండి, ఒక కాపీ వాళ్లింట్లో ఇవ్వండి. ఇంటికొచ్చిన రోజే ఫైల్‌కి ఊరి పేరు, తేదీ, ముగ్గురి పేర్లు, కథ పేరు పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ గొంతు ఎవరిదో చెప్పడానికి మనం పక్కన ఉండకపోవచ్చు.