అన్నమంటే భయం

అన్నం పరబ్రహ్మ స్వరూపమంటారు మనవాళ్లు. ఆ అన్నాన్ని చూసి భయపడేవారుంటారంటే నమ్మగలరా? నేనూ నమ్మలేదు.

రెండు నెలల క్రితం రెంజల్ నుంచి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె కూతురు నా దగ్గర డిగ్రీ చదువుతోంది.

“మొండితనం సారూ! సోమవారం, శనివారం ఒక్కపొద్దు అంటది. తక్కిన దినాలు ఆకలి లేదంటది. దిష్టి తీసిన, తాయెత్తు కట్టించిన” అని కళ్లొత్తుకుంది.

పిల్ల వంక చూశాను. ముంజేతికి గాజులు నిలవడం లేదు. అయినా తాను లావుగా ఉన్నానంటుంది!

ఇది మొండితనం కాదు, భక్తీ కాదు. అనొరెక్సియా నెర్వోజా అనే జబ్బు. 1870 ప్రాంతాల్లో లండన్ వైద్యుడు విలియం గల్ దానికి ఆ పేరు పెట్టాడు. నాడి మందగిస్తుంది, నెలసరి ఆగుతుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. అలాగని చాలాకాలం పస్తున్నవారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమే. రక్తంలోని లవణాలు తారుమారవుతాయి.

మరి పల్లెటూరి తల్లి ఎవరినడగాలి? మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడం 2017 నాటి చట్టంతో ప్రతివారికీ హక్కయింది. 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ వచ్చింది. 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా వరండాలోనే ఫోను కలిపాను. అవతలి ఆమె తల్లి గోడంతా ఓపికగా విన్నది. తర్వాత పిల్లతో మాట్లాడింది. చివరకు, “ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో బరువు, నాడి, రక్తం చూపించండమ్మా” అన్నది.

అసలు కిటుకు అక్కడే ఉంది. ఫోను మాటను మోస్తుంది గాని మనిషిని తూచలేదు. వారం వారం తూకం, నాడి ఊరి దగ్గరే చూసి, ఆ లెక్క దూరానున్న మానసిక వైద్యునికి అందించాలి. రెంటికీ ముడి వేయనిదే ఎంత మంచి విధానమైనా కాగితం మీదే ఉండిపోతుంది.

పిల్ల పూర్తిగా కోలుకున్నదని చెప్పను. రెండు కిలోలు పెరిగింది. పక్కన తల్లి కూర్చుంటే నాలుగు ముద్దలు తింటోంది. ఆ తల్లి మాత్రం “మొండిది” అనే మాట మానేసింది. మందు అక్కడే మొదలయిందేమో!